పెద్ద మార్పు చేప పట్టగానే తంగూసు తెగిపోతోంది. రాడ్, రీలుతో గట్టుకు తేవడం ఎలా?

హొరమావు_గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెంగళూరు తూర్పువైపు ఒక చెరువులో గుత్తేదారు దగ్గర చీటీ తీసుకుని గాలం వేస్తున్నాను. జిలేబీ చేపలు (తిలాపియా), చిన్న మార్పు చేపలు వస్తున్నాయి. పెద్దది పడితే మాత్రం ఒడ్డుకు రావడం లేదు. ఈ నెలలో నాలుగు పోయాయి. రెండుసార్లు గాలం దగ్గర తెగింది, ఒకసారి మధ్యలో తెగింది, ఒకసారి గాలమే సాగిపోయి చక్కటి సూదిలా బయటికి వచ్చింది.

నా సామాను: 7 అడుగుల మీడియం రాడ్, 10 నుంచి 30 గ్రాముల బరువు విసిరేది. 4000 సైజు రీలు. 0.30 మి.మీ. నైలాన్ తంగూసు, చుట్ట మీద 8 కిలోలు అని ఉంది. 1/0 మామూలు జె గాలం (J అక్షరంలా వంగినది). 20 గ్రాముల సీసం, గాలానికి జానెడు పైన పళ్లతో నొక్కి బిగించింది. ఎర కోడి లివర్. డ్రాగ్ (చేప లాగితే తంగూసును జారనిచ్చే రీలు బ్రేకు) పూర్తిగా బిగించి ఉంచుతాను, వదులు చేస్తే చేప గుర్రపుడెక్కలోకి దూరిపోతుందని.

లావు తంగూసు వేసుకుంటే చాలా, రీలు కూడా మార్చాలా? లివర్ విసరగానే ఊడి వేరే వైపు పడిపోతోంది, దానికి ఏం చేయాలి? నేల మీద పెట్టిన రాడ్‌ను కూడా చేప లాక్కుపోతోంది, అదీ చెప్పండి.

కెరెకోడి

తంగూసు మార్చే ముందు తెగిన కొనను చూడండి. ఎందుకు తెగిందో అదే చెబుతుంది. గోరు మీద పెట్టి, ఫోన్ టార్చ్ వెలుగులో చూస్తే చాలు.

కొన పందితోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. తంగూసుకు బలం ఉంది, ముడికి లేదు. కొన సన్నగా సాగి, చివర తెల్లబడి ఉంటే దాని శక్తికి మించి లాగారు. అంటే డ్రాగ్ తప్పు. కొనకు పైన ఒక చెయ్యి పొడవు మేర గరుకుగా, పొట్టు లేచినట్టు ఉంటే రాయికో, తుమ్మ మోడుకో, చేప పళ్లకో రాసుకుంది. మార్పుకు కుక్కకున్నట్టు కోరలుండవు. పై దవడ మీదా కింది దవడ మీదా గరుకు కాగితం లాంటి పళ్ల పట్టీలు ఉంటాయి. పది నిమిషాలు అక్కడ రాసుకుంటే 0.30 తంగూసు ఏదైనా పోతుంది. కొన బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటే అది వాలుగ చేప అయి ఉండొచ్చు, లేదా నీళ్లలో పగిలిన సీసా, రేకు ముక్క. మన చెరువుల్లో రెండోదే ఎక్కువ.

మీరు చెప్పిన వివరాలను బట్టి నా అంచనా: గాలం దగ్గర తెగినవి రెండూ ముడివి. మధ్యలో తెగింది డ్రాగ్ వల్ల. గాలం సాగింది కూడా డ్రాగ్ వల్లే. నాలుగింటికీ మూలం ఒకటే, పూర్తిగా బిగించిన డ్రాగ్.

లెక్క చూడండి. చుట్ట మీద 8 కిలోలు అని ఉన్నా అది ముడి లేని తంగూసుకు చెప్పిన లెక్క. బాగా వేసిన ముడి అందులో నాలుగింట మూడు వంతులు నిలబెడుతుంది, అంటే 6 కిలోలు. పొడిగా ఉండగా గట్టిగా లాగి బిగించిన ముడి రాపిడికి వేడెక్కి సగానికి పడిపోతుంది, 4 కిలోలు. నైలాన్ నీళ్లు పీల్చుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. 4000 రీలు పూర్తిగా బిగిస్తే ఈ అంకె కంటే చాలా ఎక్కువే ఆపుతుంది. ఆరు కిలోల చేప ఒక్కసారి తల విసిరినా కుదుపు మొత్తం ముడి మీదే పడుతుంది. రాడ్ వంగడం వల్ల కొంత కలిసొస్తుంది కానీ, మీది సన్నపు రాడ్. చివరిదాకా వంగిపోయాక ఇక అందులో మిగిలేది ఏమీ లేదు.

డ్రాగ్‌ను చేత్తో లాగి చూసి పెట్టకండి. చెయ్యి అబద్ధం చెబుతుంది. పాత పేపర్ల వాళ్లు వాడే కొక్కెం త్రాసు ఒకటి కొనండి. తంగూసును రాడ్ రింగులన్నిటిలోంచి తీసి, కొనకు త్రాసు కట్టి, ఇంకొకరిని పట్టుకోమనండి. రాడ్‌ను 45 డిగ్రీలు ఎత్తి లాగండి. స్పూలు (రీలులో తంగూసు చుట్టి ఉండే భాగం) తిరగడం మొదలైన అంకె చూడండి. అది తంగూసు బలంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్యలో ఉండాలి. రాడ్ లేకుండా నేరుగా రీలు నుంచి లాగితే అంకె తక్కువ వస్తుంది. రింగుల రాపిడి అందులో కలవదు కాబట్టి. అందుకే రాడ్ వంచే కొలవాలి.

ఇంకో విషయం చాలామంది గమనించరు. చేప తంగూసు లాక్కుపోతున్న కొద్దీ స్పూలు మీద చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం సగమైతే అదే డ్రాగ్ రెట్టింపు బరువు ఆపుతుంది. 3 కిలోలకు పెట్టింది 6 అయిపోతుంది, మీరు మర ముట్టుకోకుండానే. అందువల్ల చేప 60, 70 మీటర్లు వెళ్లాక డ్రాగ్‌ను ఇంకా బిగించాలనిపిస్తుంది చూడండి, అప్పుడే పావు చుట్టు వదులు చేయాలి. చిన్న రీలు పెద్ద చేపకు పనికిరాకపోవడానికి కూడా కారణం ఇదే. బలం ఉన్నా చుట్ట పలచన.

ఇక సామాను. అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు, ఈ వరుసలో మార్చండి:

మొదట తంగూసు. 0.40 మి.మీ. నైలాన్, 10 నుంచి 12 కిలోలది. స్పూలు అంచుకు 2 మి.మీ. తక్కువగా నింపాలి. తర్వాత రాడ్, 9 అడుగులది, 50 నుంచి 100 గ్రాములు విసిరేది. ఆ తర్వాత రీలు, 6000 సైజు, ఈ తంగూసు సుమారు 200 మీటర్లు పట్టేది. డ్రాగ్ నాణ్యత బరువులో కాదు, మొదలయ్యే తీరులో ఉంటుంది. కుదుపు లేకుండా జారాలి. కొట్లో స్పూలు మెల్లగా లాగి చూడండి, ఆగి ఆగి వస్తే వద్దనండి.

కట్టే పద్ధతి: అసలు తంగూసు మీద 50 గ్రాముల సీసం అటూ ఇటూ జారేలా వదలండి. దాని కింద ఒక రబ్బరు పూస, ముడికి దెబ్బ తగలకుండా. ఆ తర్వాత 30 కిలోలకు తట్టుకునే స్వివెల్ (మెలి పడకుండా తిరిగే లోహపు కీలు). స్వివెల్ నుంచి 40 సెం.మీ. లీడర్ (గాలానికి కట్టే లావు తంగూసు ముక్క), 0.70 మి.మీ. నైలాన్. చివర గాలం. లీడర్ లావుగా ఉండేది చేప బరువు కోసం కాదు, ఆ గరుకు పళ్ల కోసం. మార్పు పడ్డాక ఒళ్లు గిరగిరా తిప్పుకుంటుంది. స్వివెల్ నాసిరకమైతే ఆ మెలి అంతా తంగూసులోకి ఎక్కి ఉండలు కడుతుంది. వేళ్లతో తిప్పి చూసి, నున్నగా తిరిగేదే వాడండి.

సీసాన్ని గాలానికి జానెడు పైన పళ్లతో బిగించడం మానేయండి. నొక్కిన చోట తంగూసుకు గాయమవుతుంది, అక్కడే తెగుతుంది. చేపకు కూడా ఎర ఎత్తగానే 20 గ్రాముల బరువు తగిలి వదిలేస్తుంది. పైగా సీసం విషం, నోట్లో పెట్టకూడదు.

ముడి వేసేటప్పుడు బిగించే ముందు తడపండి. నైలాన్‌కు క్లించ్ ముడి (కంటిలో దూర్చిన కొనను అదే తంగూసు చుట్టూ చుట్టేది) ఆరు చుట్లు చాలు. నెమ్మదిగా లాగి, చుట్లు పక్కపక్కన సర్దుకున్నాయో చూసి, కొన 3 మి.మీ. వదిలి కత్తిరించండి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విప్పి కొత్తగా వేయండి, సర్దే ప్రయత్నం వద్దు. ఆ తర్వాత అదే త్రాసుకు కట్టి 5 కిలోల దాకా లాగి చూడండి. గట్టు మీద తెగేది ఇంట్లోనే తెగనివ్వండి.

సీసంగుండు

కెరెకోడి గారు చెప్పిందంతా సరైనదే. గాలం గురించి నేను చెబుతాను.

మార్పు ఎరను నమిలి చూడదు, మింగేసి కదులుతుంది. జె గాలంతో ఒక్క క్షణం ఆలస్యమైతే అది గొంతులో, కడుపులో దిగిపోతుంది. చేపను వదలాలన్నా బతకదు. సర్కిల్ గాలం (ముల్లు లోపలికి గుండ్రంగా వంగినది) వాడండి, 6/0 లేదా 7/0, లావు తీగది. మీ 1/0 సాగిపోవడం దాని తప్పు కాదు, సన్న తీగ ఆ బరువుకు తయారు చేసింది కాదు.

సర్కిల్ గాలంతో కొట్టకూడదు. మనకు బొచ్చె, శీలావతి అలవాటు కాబట్టి బెండు మునగగానే చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. ఇక్కడ అలా లాగితే గాలం నోట్లోంచి ఖాళీగా వచ్చేస్తుంది. రాడ్ కొన వంగి, తంగూసు బిగుసుకుని, చేప దూరంగా పోతున్నప్పుడు స్పూలు ఆపి, హ్యాండిల్ తిప్పుతూ బరువు ఎక్కనివ్వండి. గాలం దవడ మూలకు జారి అక్కడే పట్టుకుంటుంది. ఇంతే పని.

ఇది పనిచేయాలంటే ముల్లు బయటికి కనబడాలి. గాలమంతా ఎరలో పాతేస్తే ముల్లు తిరగడానికి చోటుండదు. ఎర గాలానికి ఒక మూల గుచ్చుకుని వేలాడితే చాలు. లీడర్‌కు స్నెల్ ముడి (గాలం కాడ చుట్టూ చుట్టేది) వేయండి, తంగూసును గాలం కంటిలోకి ముల్లు ఉన్న వైపు నుంచి దూర్చి. అలా వేస్తే లాగినప్పుడు ముల్లు బయటికి తిరుగుతుంది. ఎదురు వైపు నుంచి దూరిస్తే లోపలికి ముడుచుకుంటుంది.

లివర్ గురించి. పచ్చి లివర్ జిలేబీల కోసం తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. పెద్ద చేప వచ్చేలోపు అవి పీకేస్తాయి. అర కిలో లివర్‌కు రెండు గుప్పిళ్లు కల్లుప్పు పట్టించి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెడితే నీరంతా కారి తోలులా బిగుస్తుంది. అప్పటికీ దర్జీలు వాడే సన్నటి ఎలాస్టిక్ దారంతో ఏడెనిమిది చుట్లు వేయాలి. ఇంత కష్టం దేనికనుకుంటే కోడి కందనకాయ వాడండి, గట్టిది, అడ్డంగా ఒక గాటు పెడితే వాసన వస్తుంది. లేదా ఆ చెరువులోనే దొరికిన జిలేబీ, పొలుసు గీకి, తోలుతో సహా రెండు వేళ్ల వెడల్పు, నాలుగు వేళ్ల పొడవు ముక్క. తోలు వైపు నుంచి ఒకే ఒక్కసారి గుచ్చండి. జిలేబీలు తోలు తినలేవు. నాకు అన్నిటికంటే ఇదే నమ్మకం.

ఎరను పావుగంటకోసారి తీసి చూడటం చాలామంది చేసే పొరపాటు. వాసన నీళ్లలో పాకడానికి టైం కావాలి. తోలు ముక్క అయితే 40 నిమిషాలు కదపొద్దు.

హొరమావు_గట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. దాచిన కొనలు చూశాను. రెండు మెలికలు తిరిగి ఉన్నాయి, ఒకటి సాగి తెల్లగా ఉంది. కెరెకోడి అన్న అంచనాయే సరి. ముడులు తడపలేదు, అది నిజం.

ఇంకో సందేహం. ఈ చెరువుకు ఒక వైపంతా గుర్రపుడెక్క, మిగతా వైపు ఖాళీ నీళ్లు. నేను ఖాళీ వైపు వేస్తున్నాను. అడుగు మెత్తటి ఒండ్రు, సీసం దిగబడిపోతుంది. ఎక్కడ వేయాలో ఎలా తెలుస్తుంది?

రెడ్‌హిల్స్_బాట

చెన్నై నుంచి రాస్తున్నాను. చెరువును చదవడం ఇక్కడా అక్కడా ఒకటే, కాలం మాత్రం వేరు.

ముందు నీళ్ల పైన చూడండి. ఆఫ్రికన్ మార్పుకు మొప్పల పైన చెట్టుకొమ్మల్లాంటి అవయవం ఉంటుంది, దాంతో గాలి పీల్చుకుంటుంది. సాయంత్రం నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు పైకి వచ్చి ఒక గుటక వేసి కిందికి పోతుంది. ఉంగరంలా అల ఒకటి లేస్తుంది, తోక విసురు ఉండదు. బురద చెరువుల్లో తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా తగ్గుతుంది, అప్పుడు ఇది ఎక్కువసార్లు కనిపిస్తుంది. అరగంట కూర్చుని గుటకలు ఏ వరుసలో పడుతున్నాయో చూస్తే చేపలు తిరిగే దారి తెలుస్తుంది. ఆ దారిలో వేయాలి. వాలుగకు ఇలాంటి గుటక ఉండదు, అది చిన్న చేపలు చెదిరిపడే చప్పుడుతో తెలుస్తుంది.

బుడగలను చూసి మోసపోకండి. ఒకే చోట గుప్పున లేచి ఆగిపోతే అది బురద వాయువు. చిన్న చిన్న బుడగలు ఒక గీతలా ముందుకు కదులుతుంటే కింద ఏదో మట్టి తవ్వుతోంది.

తర్వాత అడుగు. ఎర లేకుండా 50 గ్రాముల సీసం ఒక్కటే విసిరి, పడిన క్షణం నుంచి తంగూసు వదులయ్యే దాకా లెక్కపెట్టండి. పక్కపక్కన పది చోట్ల ఇలా చేస్తే ఏది లోతో తెలిసిపోతుంది. ఆ తర్వాత సీసాన్ని నేల మీద మెల్లగా లాగండి. టకటకమని కొన అదిరితే గులకరాయి, గట్టి నేల. బరువుగా అతుక్కుని ఒక్కసారి ఊడొస్తే ఒండ్రు. గట్టి నేల ఒండ్రులోకి దిగే అంచు మీద వేయండి. పూడిక తీసిన చెరువుల్లో మట్టి తవ్విన గుంతలుంటాయి, వాటి గట్లూ అంతే. తూము ముందు పాత కాలువ గుంట అన్నిటికంటే మేలు, వేసవిలో నీళ్లు తగ్గాక చేపంతా అక్కడికే చేరుతుంది.

గుర్రపుడెక్క అంచు మంచి చోటే. చేప నీడలో పడుకుంటుంది. అయితే దాని మీదికి కాక, అంచుకు రెండు మూడు మీటర్లు ఇవతల వేయండి. చేప బయటికి వచ్చి తింటుంది, మనకు దాన్ని ఆపడానికి ఆ మూడు మీటర్లు దొరుకుతాయి. పట్టగానే రాడ్‌ను పైకి ఎత్తకుండా పక్కకు, నీళ్లకు సమాంతరంగా వంచి లాగండి. తల పక్కకు తిరిగితే ఒళ్లు తిరుగుతుంది. పైకి లాగితే తల మాత్రమే లేస్తుంది, అది నేరుగా ముందుకే పోతుంది.

ఒండ్రులో ఎర దిగబడకుండా లీడర్‌ను 60 సెం.మీ. చేసి, గాలానికి నాలుగు వేళ్ల పైన తంగూసు మీద వేలిముద్ర సైజు బెండు ముక్క గుచ్చండి. చెప్పుల అట్ట, పాత ఫోమ్ ముక్క ఏదైనా పనికొస్తుంది. థర్మోకోల్ వద్దు, విరిగి చెరువులో పడుతుంది. ఎర నేలకు జానెడు పైన తేలాలి. గిన్నెలో నీళ్లు పోసి ఇంట్లోనే చూసుకోండి. సీసం గుండ్రంగా కాక బల్లపరుపుగా ఉంటే ఒండ్రు మీద తేలికగా నిలుస్తుంది.

కాలం. మీకు మార్చి నుంచి తొలకరి దాకా మంచిది. వానకు ముందు ఉక్కపోసే సాయంత్రాలు, వాన పడ్డాక కాలువ నీళ్లు చెరువులోకి దిగే మూల. డిసెంబరు, జనవరిలో బెంగళూరు నీళ్లు చల్లబడతాయి, చేప మందగిస్తుంది, అప్పుడు ఎర సగం సైజు చేయండి. మాకు చెన్నైలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనం. చెరువు ఎక్కుతున్నప్పుడు కొత్తగా మునిగిన గడ్డి అంచుల్లోకి చేప మూర లోతు నీళ్లకు కూడా వస్తుంది. దూరం విసిరితే చేప ఎరకు ఇవతలే ఉండిపోతుంది.

చెన్నై వాళ్లకు ఒక మాట. పుళల్, చెంబరంబాక్కం, పూండి, చోళవరం ఊరికి తాగునీళ్లు ఇచ్చే జలాశయాలు. కండలేరు నుంచి కృష్ణా నీళ్లు పూండికి దిగే రోజుల్లో చేప బాగుంటుందని విని నేరుగా గట్టెక్కకండి. అనుమతి అడగండి, లేదంటే పక్క ఊళ్లలో డబ్బు కట్టి గాలం వేసుకునే గుంటలున్నాయి, అక్కడికి వెళ్లండి. అలాంటి గుంటల్లో సాధారణంగా పంగాసియస్, రూప్‌చంద్ ఉంటాయి. పంగాసియస్‌ది వేరే పద్ధతి, తౌడు, వేరుశనగ చెక్క, మైదా కలిపిన ముద్ద తింటుంది. మూతి మెత్తన, కాబట్టి డ్రాగ్ ఇంకా వదులుగా ఉండాలి.

వాలుగమీసం

పట్టే దాకా అందరూ చెప్పారు. ఒడ్డున పోయేవే ఎక్కువ, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

చేప కాళ్ల దగ్గరికి వచ్చాక మనిషిని చూసి ఇంకో పరుగు తీస్తుంది. బయట ఉన్న తంగూసు కొంచెమే, సాగడానికి ఏమీ లేదు, రాడ్ నిట్టనిలువుగా ఉంది. ముడికీ రాడ్ కొనకూ ఇదే అసలు ప్రమాదం. గట్టుకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉండగానే డ్రాగ్ కొంచెం వదలండి. రాడ్‌ను తల మీదుగా వెనక్కి వంచొద్దు, 45 డిగ్రీలు దాటితే బరువంతా సన్నటి కొన మీద పడుతుంది, కార్బన్ రాడ్ అక్కడే విరుగుతుంది. డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. ఈ రీళ్లలో ఒక్కో తిప్పుకు నాలుగైదు మెలికలు తంగూసులో పడతాయి. చేప లాగితే ఊరుకోండి, ఆగితే రాడ్ మెల్లగా లేపండి, దించుతూ చుట్టండి.

వల వెడల్పు కనీసం 70 సెం.మీ., పిడి రెండు మీటర్లు, రబ్బరు పూత ఉన్నది. నైలాన్ వలలో రెక్క ముళ్లు చిక్కుకుంటే చీకట్లో విడదీయడం నరకం. వలను ముందే నీళ్లలో ముంచి పట్టుకుని చేపను దాని మీదికి తేవాలి, వలతో చేపను వెంటాడకూడదు. తల ముందు దూరాలి.

ఇప్పుడు అది ఏ చేపో చూడండి, ఎందుకంటే చేతి పట్టు దాన్ని బట్టే.

నాలుగు జతల మీసాలు, బల్లపరుపు ఎముక తల, వీపు పొడవునా ఒకే రెక్క ఉంటే మార్పు జాతి. మన నాటు మార్పు చిన్నది, అర మీటరు దాటదు. రెండు మూడు కిలోలు తూగితే అది ఆఫ్రికన్‌దే. పక్క రెక్కల మొదట్లో రంపం లాంటి ముల్లు ఉంటుంది, అది దించి ఉందా లేపి ఉందా చూసి, చేతికి గ్లౌజు వేసుకుని కింది దవడ పట్టుకోవచ్చు. రెండే జతల మీసాలు, కన్ను దాటి వెనక్కి పోయిన నోరు, వీపు మీద చిటికెడు రెక్క, పొట్ట కింద తోక దాకా పొడవాటి రెక్క ఉంటే వాలుగ, చెన్నైలో వాళై అంటారు. దాని నోట్లో వేలు పెట్టొద్దు, లోపలికి వంగిన సన్నటి పళ్లు వరసలుగా ఉంటాయి, చెయ్యి వెనక్కి రాదు. పొడవు ముక్కు పట్టకారతోనే గాలం తీయాలి. వాలుగ ఉన్న చోట 0.70 లీడర్ చాలదు, 1 మి.మీ. నైలాన్ గానీ, మెత్తటి స్టీలు తీగ 30 సెం.మీ. గానీ వేయండి.

చిన్నది, నల్లగా, సన్నగా, మీసాలతో వచ్చిందంటే ముందు ఇంగిలాయి కాదని తేల్చుకోండి. దాని ముల్లులో విషం ఉంది, చాలా సలుపుతుంది. గుచ్చుకుంటే చెయ్యి కాలకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పైకి పాకినా, ముల్లు విరిగి లోపల ఉండిపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, టీటీ సంగతి కూడా చూసుకోవాలి.

వాలుగ ప్రపంచ స్థాయి ప్రమాద జాబితాలో ఉన్న చేప. తడిపిన గోనె పట్టా మీద పడుకోబెట్టి, ఫొటో ఒకటి తీసుకుని, నిమిషంలోపు నీళ్లలో వదలండి. వదిలేటప్పుడు పొట్ట కింద చెయ్యి ఉంచి, అది తనంతట తాను తోక ఊపే దాకా పట్టుకోండి.

ఆఫ్రికన్ మార్పు విషయం పూర్తిగా వేరు. మన దేశంలో దాని పెంపకం నిషేధం, చెరువులో ఉన్న చిన్న చేపలన్నిటినీ తినేస్తుంది. ప్రాణంతో ఇంకో చెరువుకు మాత్రం తీసుకెళ్లకండి, దయచేసి. ఇది బకెట్‌లో నీళ్లు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది, అలా వదిలేయడం హింస. తల మీద బరువైన కట్టెతో ఒక్క గట్టి దెబ్బ, వెంటనే మొప్పల దగ్గర కోత. ఉంచుకోవాలా వద్దా అన్నది గుత్తేదారుతో ముందే మాట్లాడుకోండి. మురుగు కలిసే నగర చెరువు చేపను మాత్రం కూర వండొద్దు. ఊరవతల శుభ్రమైన నీళ్లదైతే అది మీ ఇష్టం.

ఎర పట్టుకుని ఏదో బరువుగా, కుదుపు లేకుండా, నిదానంగా లాగుతుంటే తాబేలు కావచ్చు. మన చెరువుల్లోని నీటి తాబేళ్లకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. మెల్లగా ఒడ్డుకు తెచ్చి, గాలం తేలికగా రాకపోతే దగ్గరగా తంగూసు కత్తిరించి వదిలేయండి.

కెరెకోడి

వాలుగమీసం గారూ, స్టీలు తీగ విషయంలో నా మాట వేరు. వాలుగ అరుదుగా ఉన్న చెరువులో తీగ వేస్తే మార్పు ఎరను ఎత్తి వదిలేయడం ఎక్కువవుతుంది, బిరుసు నోటికి తెలుస్తుంది. 1 మి.మీ. నైలాన్ చాలు, ప్రతి చేప తర్వాత వేలితో తడిమి గరుకైతే మార్చేయాలి. తీగ మెలిక పడితే అక్కడే విరుగుతుంది కూడా.

హొరమావు గారు రాడ్ లాక్కుపోవడం గురించి అడిగారు, దానికి జవాబు మిగిలింది. స్టాండు నేలలోకి కనీసం ఒక అడుగు దిగాలి, ఇనుప చువ్వది. కట్ట మీద రాళ్ల పరుపు ఉంటే రాళ్ల సందులో కాక, రాడ్ పిడి చివరకు మూడు మీటర్ల నైలాన్ తాడు కట్టి చెట్టుకో మేకుకో బిగించండి. బెయిట్‌రన్నర్ మర (ఎర వేసి ఆగినప్పుడు స్పూలును వదులుగా తిరగనిచ్చేది) ఉన్న రీలైతే అది వేసి, స్పూలు గాలికి తిరగనంత బిగువు, అంటే త్రాసు మీద 300 గ్రాములు. ఆ మర లేకపోతే డ్రాగ్‌ను అంతకు వదలండి. కానీ చేప పట్టాక ఎన్ని చుట్లు బిగిస్తే మన 3 కిలోలు వస్తుందో ఇంట్లో త్రాసుతో లెక్కపెట్టి, మర మీద గోళ్ల రంగుతో గుర్తు పెట్టుకోండి. చీకట్లో వెతుక్కోకూడదు.

రెండు జాగ్రత్తలు. బెంగళూరు చెరువుల మీదుగా హైటెన్షన్ తీగలు పోతుంటాయి. కార్బన్ రాడ్ కరెంటును దూసుకుపోనిస్తుంది, తీగల కింద నిలబడి విసరకండి. ఏప్రిల్, మే నెలల్లో ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్లండి. ఇంకొకటి, నీళ్లలోకి దిగొద్దు. ఒండ్రు చెరువులో మోకాలి లోతు అనుకున్నది నడుము దాటుతుంది, కాలు పైకి రాదు. చీకటి పడ్డాక ఇద్దరుండాలి.

సీసంగుండు

బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన తంగూసు) గురించి అడిగేవారు వస్తారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారికి నైలాన్ మేలు. బ్రెయిడ్ సాగదు, ప్రతి కుదుపూ గాలానికీ చేతికీ నేరుగా వస్తుంది. వేస్తే 20 కిలోలది వేసి, చివర 8 మీటర్లు 0.50 నైలాన్ కలపండి. డబుల్ యూని ముడితో, బ్రెయిడ్ వైపు 8 చుట్లు, నైలాన్ వైపు 4. స్పూలు అడుగున పది చుట్లు నైలాన్ వేయకపోతే బ్రెయిడ్ మొత్తం స్పూలు మీద గిర్రున తిరుగుతుంది, డ్రాగ్ పాడైందనుకుంటారు. ఇరుక్కుపోతే చేతికి చుట్టి లాగొద్దు, వేలు తెగుతుంది, కర్రముక్కకు చుట్టి లాగాలి.

తెగిన ముక్కలను గట్టు మీద వదలకండి. నీటికాకులు, గూడబాతుల కాళ్లకు చుట్టుకుంటే అవి ఆకలితోనే పోతాయి. చిన్న డబ్బా ఒకటి జేబులో పెట్టుకుని అందులో వేసి, ఇంట్లో అంగుళం ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి.

హొరమావు_గట్టు

కొక్కెం త్రాసు కొన్నాను. నా పాత పద్ధతిలో కట్టిన ముడి 3.8 కిలోలకు జారింది. తడిపి ఆరు చుట్లతో వేస్తే అదే తంగూసు 6.1 దాకా ఆగింది. 0.40 చుట్ట, 6/0 గాలాలు తెచ్చాను. రాడ్, రీలు వచ్చే నెల. అప్పటిదాకా ఈ పాత రాడ్‌తోనే, డ్రాగ్ 2 కిలోల మీద పెట్టి, గుర్రపుడెక్కకు దూరంగా ఖాళీ వైపు వేస్తాను. 30 గ్రాముల సీసం దాటకూడదు కదా దీనితో?

కెరెకోడి

దాటకూడదు. ఎర బరువు కూడా అందులోనే కలుస్తుంది, కాబట్టి 20 గ్రాముల సీసం, చిన్న ముక్క. దూరం విసరకండి, గట్టుకు 15 మీటర్లలో గట్టి నేల అంచు వెతుక్కోండి. 0.40 వేశాక 4000 స్పూలు మీద ఎన్ని మీటర్లు పట్టిందో కొలవండి. 120 కంటే తక్కువైతే పెద్దది పట్టినప్పుడు గట్టు వెంబడి దానితోపాటు నడవాల్సిందే, కాబట్టి అడ్డుగా చెట్లు లేని చోటు చూసుకోండి.